కొండగొర్రె దగ్గు

1980లలో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో విలియం ఫోరెట్ అనే పశువైద్య పరిశోధకుడు ఆరు కొండగొర్రెల్నీ ఆరు పెంపుడు గొర్రెల్నీ ఒకే దొడ్డిలో కలిపి వదిలాడు. పన్నెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఒక్కదానికీ ముక్కు కారడం లేదు, దగ్గు లేదు, మేత మానింది అసలే లేదు. నాలుగో రోజున ఒక కొండగొర్రె చచ్చిపోయింది. నెల తిరిగేసరికి ఇంకొన్ని పోయాయి. 71వ రోజుకి ఆరూ అయిపోయాయి. కోసి చూస్తే అన్నిటి ఊపిరితిత్తులూ నెత్తురు నిండి గట్టిపడి ఉన్నాయి. పెంపుడు గొర్రెలు ఆరూ మాత్రం అదే దొడ్డిలో నిక్షేపంగా నెమరేసుకుంటూ కనిపించాయి.

ఎవరూ ఏ సూదీ పొడవలేదు, మేతలో ఏదీ కలపలేదు. రెండు రకాల గొర్రెలు పక్కపక్కన నిలబడి గాలి పీల్చాయి, అంతే. 1989లో ఈ ఫలితం అచ్చయింది. అప్పటికే గొర్రెల పెంపకందార్లకూ అడవి అధికార్లకూ మధ్య రగులుతున్న తగువుకి అది మరింత ఆజ్యం పోసింది. ఆ తగువు ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఈ కొండగొర్రె పేరు బిగ్‌హార్న్. కెనడాలోని రాకీ పర్వతాల నుంచి మెక్సికో ఎడారుల దాకా, మనిషి కాలు నిలవని రాతి చరియల్లో బతికే జంతువు. బాగా ఎదిగిన పొట్టేలు నూరు కిలోలు దాటుతుంది. తలమీద వంకీ తిరిగిన కొమ్ముల జత ఒక్కటే పద్నాలుగు కిలోల దాకా తూగుతుంది. శీతాకాలం మొదట్లో ఎదకాలం వచ్చిందంటే పొట్టేళ్లు వెనక్కి నడిచి, ముందుకాళ్లు గాల్లోకి లేపి, గంటకి ముప్పై కిలోమీటర్లకు మించిన వేగంతో ఢీకొంటాయి. ఆ చప్పుడు లోయ అవతలికి వినిపిస్తుంది. పుర్రె లోపల గాలి గదులతో కూడిన జంట పొరల ఎముక ఉండడం వల్ల ఆ దెబ్బకి మెదడు చితికిపోదు. రాకీ పర్వతాల్లో టుకుడికా అనే షోషోనీ తెగవాళ్లు ఈ గొర్రెల మాంసం తిని, తోలు కట్టుకుని, కొమ్ముల్ని వేడినీటి బుగ్గల్లో మెత్తబరిచి విల్లులు చేసుకునేవాళ్లు. పిల్లి కుటుంబానికి చెందిన ప్యూమా నుంచి, మంచు తుపాను నుంచి, కొండచరియ నుంచి తప్పించుకోవడం తెలిసిన జంతువు ఇది. పెంపుడు గొర్రె ముక్కు నుంచి వచ్చే తుంపర దగ్గరే దీని ఉపాయాలేవీ పనిచెయ్యవు.

ఎందుకలా? సమాధానం కొంత చరిత్రలో ఉంది. బిగ్‌హార్న్ పూర్వీకులు మంచుయుగంలో, సైబీరియానీ అలాస్కానీ కలుపుతూ బేరింగ్ దగ్గర నేల తేలి ఉన్న కాలంలో, ఆసియా నుంచి నడిచి వచ్చాయి. తర్వాత సముద్రం పైకి వచ్చి దారి మూసుకుపోయింది. ఇటు ఆసియాలో మనిషి పదివేల ఏళ్ల కిందటే మూఫ్లాన్ అనే అడవి గొర్రెను మచ్చిక చేసుకున్నాడు. దాన్ని దొడ్లలో కుక్కాడు, వందల్ని ఒకేచోట పడుకోబెట్టాడు, ఒక ఊరి మందను ఇంకో ఊరికి తోలాడు. ఇరుకులో బతికే జంతువుల మధ్య శ్వాసకోశ క్రిములు హాయిగా తిరుగుతాయి. వేల తరాలపాటు ఆ క్రిములకి ఓర్చుకున్న గొర్రెలే మిగిలాయి, క్రిములు కూడా గొర్రెను చంపకుండా దాని ముక్కులో కాపురం చెయ్యడం అలవాటు చేసుకున్నాయి. బిగ్‌హార్న్‌కి ఈ అనుభవం లేదు. కొలంబస్ 1493లో తన రెండో ప్రయాణంలో గొర్రెల్ని ఓడలో తెచ్చాడు. స్పెయిన్ వాళ్ల వెంట అవి మెక్సికోకీ, అక్కణ్ణించి ఉత్తరానికీ చేరాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పశ్చిమ అమెరికా కొండలన్నిటా మందలు పరుచుకున్నాయి. ఐడహో, నెవాడాల్లో స్పెయిన్-ఫ్రాన్స్ సరిహద్దు నుంచి వచ్చిన బాస్క్ కాపరులు వేసవిలో కొండమీదికీ చలికాలంలో మైదానానికీ వేల గొర్రెల్ని తోలేవాళ్లు. (ఇవాళ ఆ పని ఎక్కువగా పెరూ నుంచి తాత్కాలిక వీసామీద వచ్చే కాపరులు చేస్తున్నారు.) 1942 నాటికి అమెరికాలో పెంపుడు గొర్రెలు 5 కోట్ల 60 లక్షలకి చేరాయి.

అదే కాలంలో బిగ్‌హార్న్‌లు కరిగిపోయాయి. వేట ఒక కారణం, మేతకోసం పోటీ మరొకటి, గజ్జి ఇంకొకటి. వీటన్నిటినీ మించి, ఉన్నట్టుండి మందకి మందే దగ్గి దగ్గి చనిపోవడం. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఇలాంటి మరణాల కబుర్లు ఉన్నాయి. లోయల వెంట గొర్రెల మందలు వచ్చి వెళ్లాక కొండమీద అడవి గొర్రెలు పోయాయని స్థానికులు చెప్పేవాళ్లు. అది కాకతాళీయమా, కార్యకారణమా అని తేల్చడానికి సుమారు వందేళ్లు పట్టింది.

మొదట దొరికిన నేరస్థుడు పురుగు. బిగ్‌హార్న్ ఊపిరితిత్తుల్లో ప్రొటోస్ట్రాంగిలస్ అనే సన్నని నులిపురుగులు కనిపించాయి. వీటి జీవితచక్రం చిత్రమైంది. గొర్రె పెంటికల్లో పడ్డ పిల్లపురుగు నేలమీది చిన్న నత్తలో దూరి పెరుగుతుంది. గడ్డితోపాటు ఆ నత్తనీ గొర్రె మింగుతుంది. కడుపుతో ఉన్న గొర్రె నుంచి పిల్లకు మాయ ద్వారా కూడా పురుగు పోతుంది. కాబట్టి పుట్టిన కొన్ని వారాలకే పిల్లలు చనిపోవడానికి ఇదే కారణమని నమ్మడం సహజమే. 1970లలో కొలరాడో శాస్త్రవేత్తలు ఒక తమాషా వైద్యం మొదలుపెట్టారు. కొండగొర్రెను పట్టుకుని మందు మింగించడం అయ్యే పని కాదు గనక, పులిసిన ఆపిల్ పిప్పిలో నులిపురుగుల మందు కలిపి కొండల్లో గుట్టలుగా పోశారు. గొర్రెలు ఆ వాసనకి మరిగి దిగివచ్చి తిన్నాయి. కొన్నిచోట్ల పిల్లలు మెరుగ్గా బతికాయి కూడా. కానీ ఒంట్లో పురుగులు బొత్తిగా లేని మందలూ చస్తున్నాయి, పురుగులతో నిండిన మందలూ బతుకుతున్నాయి. సిద్ధాంతం నిలబడలేదు.

1982లో ఫోరెట్, డేవిడ్ జెస్సప్ కలిసి రెండు సంఘటనల్ని పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒకటి కాలిఫోర్నియాలోని లావా బెడ్స్ దగ్గర. రెండుచోట్లా కంచె లోపల పెంచుతున్న బిగ్‌హార్న్‌లు పెంపుడు గొర్రెలతో కలిశాక న్యుమోనియాతో తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాతదే మొదట్లో చెప్పిన దొడ్డి ప్రయోగం. 1994లో ఫోరెట్ ఇంకో అడుగు వేసి బిగ్‌హార్న్‌లని రకరకాల జంతువులతో కలిపి చూశాడు. ఆవులతో, లామాలతో, కొండమేకలతో కలిపితే ఏమీ కాలేదు. పెంపుడు గొర్రెతోనూ, మూఫ్లాన్‌తోనూ కలిపితే చచ్చాయి.

గొర్రెల పెంపకందార్లు ఒప్పుకోలేదు. వాళ్ల వాదనని తోసెయ్యడానికి లేదు కూడా. దొడ్డిలో కుక్కితే ఏ అడవి జంతువైనా బెంగతో, ఒత్తిడితో జబ్బుపడుతుంది, కొండమీద జరిగేది వేరు అన్నారు. బిగ్‌హార్న్ ముక్కులో ముందునుంచే ఆ క్రిములు ఉంటాయేమో, ఒత్తిడికి అవే విజృంభించాయేమో అన్నారు. క్రిమి ఇటునుంచి అటు దాటినట్టు కళ్లారా చూపించండి అన్నారు.

2010లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలోనే సుబ్రమణియం శ్రీకుమారన్ బృందం చూపించింది. జెల్లీఫిష్ నుంచి తీసిన ఒక జన్యువును బ్యాక్టీరియాలో చొప్పిస్తే దానిమీద నీలికాంతి పడ్డప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది. మాన్‌హీమియా హీమోలిటికా అనే బ్యాక్టీరియాకు అలా గుర్తు వేసి, దాన్ని పెంపుడు గొర్రెల ముక్కుల్లో పెట్టి, వాటిని బిగ్‌హార్న్‌ల దగ్గరికి తెచ్చారు. మొదట కంచె అడ్డుపెట్టి, తర్వాత కంచె తీసేసి. బిగ్‌హార్న్‌లు చనిపోయాయి. వాటి ఊపిరితిత్తుల్లోంచి తీసిన బ్యాక్టీరియా ఆకుపచ్చగా మెరిసింది. ఇక ఎక్కణ్ణించి వచ్చిందన్న అనుమానానికి చోటు లేదు.

మాన్‌హీమియా చంపే పద్ధతి చాలా క్రూరమైనది. పశువైద్యులు దీన్ని పాతరోజుల్లో పాశ్చురెల్లా జాతిలో లెక్కేసేవాళ్లు, 1999లో వేరే పేరిచ్చారు. ఊపిరితిత్తిలోకి దిగాక ఇది ల్యూకోటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. క్రిముల్ని తినడానికి పరిగెత్తుకొచ్చిన తెల్లరక్తకణం పైపొరమీద సీడీ18 అనే ప్రొటీన్ ఉంటుంది. విషం దానికి అతుక్కుని కణానికి చిల్లులు పొడుస్తుంది. కణం పగిలితే అందులో క్రిముల కోసం దాచుకున్న ఎంజైములన్నీ బయటికి చిమ్మి ఊపిరితిత్తినే కరిగిస్తాయి. అంటే గొర్రెకి కలిగే నష్టంలో పెద్ద వాటా దాని సొంత కాపలా కణాలు పగిలినందువల్ల వచ్చేదే. గాజుగొట్టంలో పరీక్షిస్తే, అదే మోతాదు విషానికి పెంపుడు గొర్రె కణాలకంటే బిగ్‌హార్న్ కణాలు చాలా ఎక్కువగా పగులుతాయి.

కథ ఇక్కడితో ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ ఒక చిక్కు మిగిలింది. కొండల్లో నిజంగా మందలు చస్తున్నప్పుడు వెళ్లి చూస్తే మాన్‌హీమియా ప్రతిసారీ దొరకడం లేదు. ఒకచోట అది, ఇంకోచోట దాని చుట్టం బైబర్‌స్టీనియా, మరోచోట పాశ్చురెల్లా, కొన్నిచోట్ల ఇవన్నీ కలగలిసి. ప్రయోగశాలలో పట్టుబడ్డ హంతకుడు అసలు నేరం జరిగినచోట సగంసార్లు కనిపించకపోతే అతని వెనక ఇంకెవరో ఉన్నారని అనుకోవాలి.

ఆ ఇంకొకరి జాడ హెల్స్ కాన్యన్‌లో దొరికింది. ఐడహో, ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల సరిహద్దులో స్నేక్ నది కోసిన లోయ అది, ఉత్తర అమెరికాలో నదులు తొలిచిన లోయల్లోకెల్లా లోతైనది. ఇక్కడి బిగ్‌హార్న్‌లు 1940ల నాటికే పూర్తిగా అంతరించాయి. 1971 నుంచి వేరే చోట్ల పట్టి తెచ్చిన గొర్రెల్ని వదలడం మొదలెట్టారు. కొంత పెరగడం, న్యుమోనియా వచ్చి పడిపోవడం, మళ్లీ తేవడం. 1995-96 చలికాలంలో మూడువందలకి పైగా చనిపోయాయి. ఆ సమయంలో అక్కడ బిగ్‌హార్న్‌లతో కలిసి తిరుగుతున్న ఒక అడవిపాలైన మేక ముక్కులోనూ, చచ్చిన గొర్రెల్లోనూ ఒకే రకం పాశ్చురెల్లా దొరికింది.

ఐడహో వన్యప్రాణి శాఖలో పనిచేసే ఫ్రాన్సెస్ కాసిరర్ 1997 నుంచి ఈ లోయ మందల్ని ఏళ్ల తరబడి వెంటాడింది. గొర్రెల మెడకి రేడియో పట్టీలు కట్టి, ఏది ఎప్పుడు ఎక్కడ చచ్చిందో రాసుకుంటూ పోయింది. అలా రాసుకున్నదాంట్లోంచే అసలు విషాదం బయటపడింది. పెద్ద గొర్రెలు ఒక్కసారిగా చనిపోయే ఏడాది కళ్లకు కొడుతుంది, పేపర్లకి ఎక్కుతుంది. కానీ మందని నిజంగా నాశనం చేసేది ఆ తర్వాత వచ్చే వేసవులు. మే నెలలో పిల్లలు పుడతాయి. గంతులు వేస్తాయి, ఒకచోట చేరి ఆడుకుంటాయి. నెల నుంచి మూడు నెలల వయసులోపు ఒకదాని తర్వాత ఒకటి తలలు విదిలించి, చెవులు వాల్చి, దగ్గి రాలిపోతాయి. కొన్ని మందల్లో ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో ఒక్కటీ మిగలదు. మరుసటి ఏడాదీ అంతే. పదేళ్లు గడిచినా అంతే. తల్లులు మాత్రం ఆరోగ్యంగా ఉంటాయి, ఏటా ఈనుతూనే ఉంటాయి. మంద మెల్లగా ముసలిదై తరిగిపోతుంది.

వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సూక్ష్మజీవుల నిపుణుడు టామ్ బెసర్ కాసిరర్‌తో చేతులు కలిపాడు. వాళ్ల తెలివి ఒక చిన్న నిర్ణయంలో ఉంది. చచ్చి పడిన పిల్లని కోస్తే లోపల రకరకాల బ్యాక్టీరియాల సంత కనిపిస్తుంది, ఎవరు ముందొచ్చారో తెలియదు. అందుకని జబ్బు అప్పుడే మొదలైన పిల్లల ఊపిరితిత్తులు చూశారు. పెంచడానికి లొంగని క్రిములు కూడా తప్పించుకోకుండా, పళ్లాల్లో పెంచే పాత పద్ధతితోపాటు నేరుగా వాటి జన్యుపదార్థాన్ని వెతికారు. తొలిదశలో ప్రధానంగా కనబడింది ఒక్కటే: మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే. తక్కినవన్నీ తర్వాత వచ్చినవి. 2008లో ఈ సంగతి అచ్చయింది.

ఈ క్రిమి కొత్తదేమీ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ గొర్రెల్లో గుర్తించి 1972లోనే దీనికి పేరు పెట్టారు. పెంపుడు గొర్రెపిల్లల్లో ఒక మోస్తరు దగ్గు తెప్పిస్తుంది, ఆ దగ్గు కొన్నాళ్లకి పోతుంది. పశువైద్యులు దీన్ని పెద్దగా లెక్కచెయ్యలేదు. మైకోప్లాస్మాలు బ్యాక్టీరియాల్లో అతి చిన్నవి, వీటికి గోడ ఉండదు, పలచని పొర మాత్రమే ఉంటుంది. పెన్సిలిన్ లాంటి మందులు బ్యాక్టీరియా గోడ కట్టకుండా అడ్డుపడి చంపుతాయి గనక గోడే లేని దీనిమీద అవి పనిచెయ్యవు. మామూలు పళ్లాల్లో పెరగడం కూడా కష్టం. అన్నేళ్లు దొరక్కుండా తిరగడానికి ఈ రెండూ చాలు.

దీని పని చంపడం కాదు. శ్వాసనాళాల లోపలి గోడంతా వెంట్రుకల్లాంటి సూక్ష్మమైన శైలికలతో నిండి ఉంటుంది. గాలికి వరిచేను అలలు అలలుగా ఊగినట్టు ఇవి ఎడతెగకుండా పైకి కదులుతూ, దుమ్మునీ క్రిముల్నీ చుట్టేసుకున్న చీమిడిని గొంతువైపు తోస్తుంటాయి. మైకోప్లాస్మా వెళ్లి సరిగ్గా ఈ శైలికల్ని అంటుకుంటుంది. వాటి కదలిక మందగించి ఆగిపోతుంది. అప్పటిదాకా ముక్కులోనూ గొంతులోనూ బుద్ధిగా ఉన్న తక్కిన బ్యాక్టీరియాలు ఒక్కో గుక్క గాలితో ఊపిరితిత్తుల్లోకి జారుతాయి, బయటికి నెట్టేవాళ్లు లేక అక్కడే పెరుగుతాయి. జారింది విషం చిమ్మే మాన్‌హీమియా అయితే నాలుగు రోజుల్లో చావు. వేరేదైతే నెలలపాటు సాగే రోగం. ఒక్కో మందలో ఒక్కో క్రిమి కనిపించడానికి కారణం ఇదే.

2012లో బెసర్ బృందం తిరగేసి పరీక్షించింది. ఈ మైకోప్లాస్మా లేకుండా పెంచిన పెంపుడు గొర్రెల్ని నాలుగు బిగ్‌హార్న్‌లతో కలిపారు. పాత ప్రయోగాల్లో దాదాపు అన్నీ చనిపోయేవి, ఈసారి నాలుగింట్లో మూడు వంద రోజులు దాటి బతికాయి. ఆ తర్వాతి ప్రయోగాల్లో ఒక బిగ్‌హార్న్‌కి ఈ క్రిమిని ఎక్కిస్తే అది తోటివాటికే కాక, కొన్ని మీటర్ల దూరంలో వేరే దొడ్డిలో ఉన్నవాటికీ సోకింది. ముట్టుకోవాల్సిన పని లేదు, దగ్గు తుంపర చాలు.

శాస్త్రవేత్తలు ఇలా ఒక్కో ముడి విప్పుతుండగా కొండల్లో చావులు ఆగలేదు. 2009-10 చలికాలంలో మోంటానా, నెవాడా, వాషింగ్టన్, యూటా మందల్లో ఒకేసారి జబ్బు రేగింది. మోంటానాలోని బిటర్‌రూట్ లోయలో, వాషింగ్టన్‌లోని యాకిమా లోయలో, నెవాడాలోని రూబీ పర్వతాల్లో వందల గొర్రెలు పోయాయి. కొన్నిచోట్ల జబ్బు పాకకుండా ఆపాలని వన్యప్రాణి శాఖే దగ్గుతున్న గొర్రెల్ని కాల్చింది. 2013లో వాషింగ్టన్‌లోని టైటన్ మందలో చాలావరకు చనిపోగా, పక్క మందలకి అంటకూడదని మిగిలినవాటిని కూడా చంపి మందనే లేకుండా చేశారు. అదే ఏడాది మే నెలలో కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, చలి అన్న మాటే లేని సమయంలో, ఎడారి బిగ్‌హార్న్‌లు ఇదే న్యుమోనియాతో పడిపోయాయి. చలిగాలి వల్ల వస్తుందన్న పాత ఊహకి అక్కడ ఆస్కారమే లేదు.

ఇలాంటి కథలు అమెరికాకే పరిమితం కాదు. 2010లో తజికిస్తాన్ కొండల్లో కనీసం 64 మార్ఖోర్ మేకలు మైకోప్లాస్మా జాతికే చెందిన ఇంకో క్రిమితో చనిపోయాయి. 2015 మే నెలలో కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో రెండు లక్షలకి పైగా సైగా జింకలు మూడు వారాల్లో కుప్పకూలాయి. వాటిని చంపిన పాశ్చురెల్లా మల్టోసిడా తెలుగు రైతుకు పరాయిది కాదు. తొలకరికి ముందు గేదెలకు గొంతువాపు టీకా వేయించేది ఈ బ్యాక్టీరియా మీదే. సైగాల విషయంలో అది బయటినుంచి రాలేదు, వాటి గొంతులోనే ఉంది. ఆ మే నెలలో అసాధారణంగా పెరిగిన వేడి, తేమ దాన్ని రెచ్చగొట్టాయి. బిగ్‌హార్న్ కథ దీనికి భిన్నమైంది. ఇక్కడ క్రిమి ఎప్పుడూ మరొకరి ముక్కులోంచే వస్తోంది.

వచ్చాక పోదు. అదే అన్నిటికంటే పెద్ద సమస్య. రోగం నుంచి కోలుకున్న పెద్ద గొర్రెలు చాలావరకు క్రిమిని వదిలించుకుంటాయి. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి ముక్కులో మోస్తూనే ఉంటాయి, పైకి ఏ లక్షణమూ కనపడదు. అలాంటి ఆడగొర్రె ఒక్కటి మందలో ఉన్నా చాలు, దాని పిల్లకి అంటుతుంది, ఆ పిల్ల నుంచి ఆటలో మిగతా పిల్లలకి అంటుతుంది. పోనీ బతికి బయటపడ్డ పెద్దవాటికి రోగనిరోధక శక్తి వస్తుంది కదా అంటే, అది ఆ రకం క్రిమి వరకే. హెల్స్ కాన్యన్‌లో పాత రకానికి అలవాటుపడ్డ మందలోకి కొత్త రకం రాగానే పెద్ద గొర్రెలు మళ్లీ చచ్చాయి. జన్యు పరీక్షల్లో ఈ రకాలు రెండు ప్రధాన కుదుళ్లుగా తేలాయి, ఒకటి గొర్రెలది, ఒకటి మేకలది. మేకల నుంచి వచ్చిన రకం కాస్త మెతక. ప్రయోగంలో బిగ్‌హార్న్‌లు దగ్గాయి గానీ చనిపోలేదు.

టీకా వెయ్యొచ్చు కదా? ఏటవాలు బండమీద నిలబడ్డ జంతువుకి ఒక్కసారి సూది వెయ్యాలంటేనే హెలికాప్టరూ వలా కావాలి, రెండో మోతాదు సంగతి చెప్పక్కర్లేదు. పైగా మైకోప్లాస్మా రకరకాలుగా ఉండడం వల్ల అన్నిటికీ పనికొచ్చే టీకా ఇంకా రాలేదు. మందులు ఇచ్చి చూశారు, మంద స్థాయిలో ఫలితం లేదు. దాంతో మిగిలింది దూరం ఒక్కటే.

ఆ దూరం ఎంత అన్న దగ్గర శాస్త్రం కోర్టుకెక్కింది. బిగ్‌హార్న్ పొట్టేళ్లు, ముఖ్యంగా కుర్రవి, ఎదకాలంలో ఆడగొర్రెల్ని వెతుక్కుంటూ తమ హద్దు దాటి ముప్పై కిలోమీటర్లకి పైగా తిరుగుతాయి. పెంపుడు గొర్రె వాటి కంటికి గొర్రెగానే కనిపిస్తుంది, రెండు జాతుల మధ్య సంకరం కూడా జరుగుతుంది. నాలుగు రోజులు ఆ మందలో గడిపి తిరిగి కొండెక్కిన పొట్టేలు తన వాళ్లందరికీ జబ్బు పంచిపెడుతుంది. అటు మందలోంచి తప్పిపోయి కొండెక్కిన పెంపుడు గొర్రె ఒక్కటైనా అంతే పని చేస్తుంది. ఈ తిరుగుళ్లను లెక్కలోకి తీసుకుని, ఐడహోలోని పయెట్ జాతీయ అటవీ ప్రాంతంలో గొర్రెల మేతభూమిని దాదాపు 70 శాతం తగ్గిస్తూ 2010లో అటవీశాఖ నిర్ణయం తీసుకుంది. అక్కడి నెజ్ పర్స్ తెగవాళ్లు దాన్ని సమర్థించారు, 1855 ఒప్పందం కింద ఆ కొండల్లో వేటాడే హక్కు వాళ్లది. గొర్రెల పెంపకందార్లు కోర్టుకు వెళ్లారు. అడవిలో రోగం అంటిన ఘటన ఒక్కటీ నేరుగా నిరూపించలేదన్నారు. 2016లో అప్పీలు కోర్టు అటవీశాఖ పక్షాన నిలిచింది.

ఇందులో పెంపకందార్లని ప్రతినాయకులుగా చూపడం తేలిక, న్యాయం మాత్రం కాదు. తరాలుగా వేసవి మేతకి ఒకే కొండకి వెళ్తున్న కుటుంబానికి ఆ అనుమతి పోతే మందే పోతుంది. అమెరికాలో పెంపుడు గొర్రెలు 1942 నాటి సంఖ్యలో పదో వంతుకి, అరకోటికి పడిపోయాయి. వాటితోపాటు కాపరుల పట్టణాలూ చిక్కిపోయాయి. అందుకే కొన్ని సంస్థలు కోర్టు దారి వదిలి, పెంపకందారుకి డబ్బిచ్చి మేత హక్కు స్వచ్ఛందంగా వదులుకునేలా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. ఆ డబ్బులో కొంత వేటగాళ్ల జేబులోంచే వస్తుంది. బిగ్‌హార్న్ పొట్టేలును వేటాడే ప్రత్యేక అనుమతిని రాష్ట్రాలు ఏటా వేలం వేస్తాయి, 2013లో మోంటానా అనుమతి ఒక్కటి 4 లక్షల 80 వేల డాలర్లకు పోయింది. ఒక పొట్టేలును చంపే హక్కు డబ్బుతో మిగతా మందను కాపాడడం వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, బిగ్‌హార్న్‌ల పునరుద్ధరణలో దానికున్న వాటా చిన్నది కాదు.

క్రిమి ఎవరిదో తేలడం వల్ల ఇటీవల ఒక కొత్త దారి తెరుచుకుంది. రోగం మోస్తున్న గొర్రెలు కొన్నే అయితే వాటిని వెతికి తీసేస్తే సరిపోతుంది కదా? దక్షిణ డకోటాలోని కస్టర్ స్టేట్ పార్కు మందలో ప్రతి గొర్రెనీ పట్టుకుని ముక్కులో దూదిపుల్ల తిప్పి పరీక్షించారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఒకసారి క్రిమి దొరికి తర్వాత పోయినవాటిని వదిలేశారు, ప్రతిసారీ దొరికినవాటిని మంద నుంచి తీసేశారు. ఏళ్ల తరబడి పిల్లలు రాలిపోతున్న ఆ మందలో న్యుమోనియా ఆగింది, పిల్లలు బతకడం మొదలెట్టాయి. అప్పుడే పోల్చి చూసిన పక్క ర్యాపిడ్ సిటీ మందలో ఏ గొర్రెనీ తియ్యలేదు, అక్కడ పిల్లలు చస్తూనే ఉన్నాయి. 2020లో ఈ ఫలితం వచ్చాక ఇంకొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, క్రిమిని మోసే గొర్రె ఒక్కటి తప్పించుకున్నా మొదటికొస్తుంది.

ఇక రెండో వైపు, పెంపుడు గొర్రెల ముక్కు. 2011లో అమెరికా వ్యవసాయశాఖ సర్వేలో భాగంగా పరీక్షించిన 453 మందల్లో 88 శాతానికి పైగా ఈ మైకోప్లాస్మా ఉన్నట్టు తేలింది. పెద్ద మందల్లో దాదాపు తప్పనిసరిగా ఉంది, చిన్న మందల్లో కొన్నిటిలో లేదు. క్రిమి ఉన్నచోట పిల్లల దిగుబడి కొద్దిగా తగ్గుతోందని కూడా ఆ లెక్కల్లోనే బయటపడింది, అంటే పెంపకందారుకి కూడా ఇది పూర్తిగా ఉచితం కాదు. జాతీయ అడవుల్లో మేతని అటవీశాఖ నియంత్రించగలదు గానీ, కొండ కింద పట్టాభూమిలో సరదాకో పిల్లల పోటీల కోసమో పదీ పదిహేను గొర్రెలు పెంచుకునేవాళ్ల మీద దానికి అధికారం లేదు. బిగ్‌హార్న్ పొట్టేళ్లు దిగివచ్చి ముక్కు ఆనించేది ఎక్కువగా అలాంటి కంచెల దగ్గరే. కాబట్టి ఇప్పుడు కొన్నిచోట్ల వన్యప్రాణి అధికార్లు నోటీసులు పక్కనపెట్టి దూదిపుల్లలు పట్టుకుని ఆ ఇళ్ల తలుపు తడుతున్నారు. మీ గొర్రెలకి ఉచితంగా పరీక్ష చేస్తాం, క్రిమి ఉన్నవి ఉంటే బదులు మంచివి ఇప్పించే ఏర్పాటు చూస్తాం, కంచెకి రెండో వరస వేయిస్తాం అంటారు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు గేటు తియ్యరు.